కథంతా తెలిసిన అమ్మాయి వ్యాసం ఎందుకు నిలబడలేదు: పదవ తరగతి తెలుగు నుండి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఇక్కడ నమోదు చేస్తున్నది పదవ తరగతి చదివిన ఒక అమ్మాయి కేసు. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా ఊరి పేరు, చదివిన సంవత్సరం, కుటుంబ వివరాలు వదిలేశాను. ఆమె, ఆమె తల్లి ఒప్పుకున్న తరువాతే దీన్ని రాస్తున్నాను. చదువులో వెనుకబడిన పిల్లల గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాం. ఈ అమ్మాయి వెనుకబడినది కాదు. పద్యాలన్నీ కంఠస్థం, అక్షరం ముత్యం, భాషాంశాల్లో ఒక్క మార్కు కూడా పోయేది కాదు. అయినా వ్యాసరూప ప్రశ్నలకు రెండున్నర పేజీలు రాసి, సగం మార్కులతో తిరిగి వచ్చేది. ఆ సగం ఎక్కడ పోతున్నదో కనిపెట్టడానికి నాకు దాదాపు ఒక విద్యాసంవత్సరం పట్టింది. ఆలస్యానికి కారణం చాలావరకు నేనే కాబట్టి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, అది ఎందుకు బెడిసికొట్టిందో వివరంగా రాస్తాను.

ఆమెను పెంచింది నాయనమ్మ. ఆ పెద్దావిడకు అక్షరాలు రావు గానీ భాగవత, భారత కథలు నోటికి వచ్చు. రాత్రిపూట మనవరాలికి వాటిని తీరికగా, మలుపు మలుపునా ఆగి చెప్పేది. కాబట్టి పాఠ్యపుస్తకం తెరవకముందే ఆ అమ్మాయికి వామనావతార కథ తెలుసు, శిబి చక్రవర్తి కథ తెలుసు, వ్యాసుడి కథలు తెలుసు. ఆమెకున్న ఈ బలమే పరీక్షలో ఆమెకు అడ్డు పడుతున్నదని అప్పట్లో నాకు తోచలేదు.

ఎదురైన సమస్య

అప్పటి పదవ తరగతి వాచకంలో మొదటి పాఠం ‘దానశీలం’. పోతన భాగవతంలోని అష్టమ స్కంధం నుండి తీసుకున్నది. మూడడుగుల నేల అడగడానికి వామనుడు వస్తాడు. వచ్చినవాడు విష్ణువని గుర్తించిన శుక్రాచార్యుడు దానం వద్దంటాడు. ఇచ్చిన మాట తప్పనని బలి చక్రవర్తి బదులిస్తాడు. పాఠం పూర్తయ్యాక తరగతి పరీక్షలో నేనిచ్చిన ప్రశ్న ఇది: “గురువు మాటను కాదని బలి తీసుకున్న నిర్ణయం సరైనదేనా? పాఠం ఆధారంగా చర్చించండి.” లెక్క సులువుగా ఉంటుందని, తరగతి పరీక్షల్లో ప్రతి వ్యాసాన్నీ 10 మార్కులకు దిద్దుతాను.

ఆమె జవాబు పోతన పుట్టిన బమ్మెరతో మొదలైంది. వాచకంలోని కవి పరిచయం దాదాపు పూర్తిగా దిగింది. తరువాత కశ్యపుడు, అదితి వచ్చారు. వామనుడు పుట్టాడు, గొడుగు పట్టుకుని నడిచి వచ్చాడు, బలి ఎదురేగి కాళ్ళు కడిగాడు. రెండో పేజీ చివర శుక్రాచార్యుడు నోరు తెరిచాడు. బలి తన జవాబులో శిబి పేరు ఎత్తగానే పావురం కథ సగం పేజీ ఆక్రమించింది. నిర్ణయం సరైనదా కాదా అన్న మాటకు మిగిలినది ఆఖరి వాక్యం ఒక్కటే: “కాబట్టి బలి చక్రవర్తి మనందరికీ ఆదర్శప్రాయుడు.” 10కి 5 మార్కులు వేశాను. రాసిన ప్రతి మాటా నిజమే, భాషలో తప్పు లేదు, అందుకే 5. అడిగిన ప్రశ్నను ఆ వ్యాసం ఎక్కడా తాకలేదు, అందుకే 5కి మించలేదు.

పత్రం తీసుకున్నప్పుడు ఆమె అడిగిన మాట నాకు గుర్తుంది. “సార్, కథ మొత్తం రాసిన గద సార్, ఏం తక్కువైంది?” ఆ ప్రశ్నలో అసలు చిక్కంతా ఉంది. ఏదో ‘తక్కువైంది’ అనుకుంటున్నది కాబట్టి వచ్చేసారి ఇంకా ఎక్కువ రాస్తుంది. నేను ఆ మాటను అప్పుడు శ్రద్ధగా వినలేదు.

మొదట చేసినవి, అవి ఫలించని తీరు

నా మొదటి అంచనా, జవాబు పొడుగే సమస్య అని. కథ తగ్గించి రాయమన్నాను, ఒక పేజీన్నర దాటవద్దన్నాను. ఆమె చెప్పినట్టే చేసింది. అదితి పోయింది, గొడుగు పోయింది, పావురం రెండు వాక్యాలకు కుదించుకుపోయింది. అయినా మిగిలినది కథే. చిన్న కథ. శుక్రాచార్యుడు ఇప్పుడు మొదటి పేజీలోనే వచ్చాడు గానీ, అతను ఏమన్నాడు, బలి ఏమన్నాడు, తరువాత ఏమైంది అన్న వరుస మారలేదు. వ్యాసం నడిచే క్రమాన్ని కథ నిర్ణయిస్తున్నంత కాలం పొడుగు తగ్గించినా పెంచినా ఒకటేనని నాకు అప్పటికి అర్థం కావలసింది.

అర్థం కాలేదు కాబట్టి రెండో ప్రయత్నంగా చట్రం ఇచ్చాను. చాలామంది ఉపాధ్యాయులం ఇచ్చేదే: పరిచయం, నేపథ్యం, విషయం, విశ్లేషణ, ముగింపు. ఒక్కోదానికి ఇన్ని వాక్యాలని లెక్క కూడా కట్టాను. పరీక్ష గదిలో కంగారు పడే పిల్లలకు పట్టుకోవడానికి ఒక గుంజ కావాలి కదా అన్నది నా ఆలోచన, ఇప్పటికీ అందులో కొంత నిజం ఉందనే నమ్ముతాను. అయితే ఈ అమ్మాయి చేతిలో ఆ చట్రం ఏం చేసిందో చూడండి. ‘పరిచయం’ గదిలోకి కవి పరిచయం చేరింది, ‘నేపథ్యం’లోకి కథ మొదటి సగం, ‘విషయం’లోకి రెండో సగం చేరాయి. ‘విశ్లేషణ’ దగ్గర ఆమె ఆగిపోయి, బలి త్యాగశీలి, ధర్మమూర్తి, సత్యసంధుడు, వదాన్యుడు అని విశేషణాలు పేర్చింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఏ గదిలో ఏ పని చేయాలో నేను చెప్పలేదు, గదుల పేర్లు మాత్రం చెప్పాను. విశ్లేషణ అనే మాటకు పిల్లల మనసులో ‘పొగడడం’ అనే అర్థం స్థిరపడి ఉందని కూడా అప్పుడే తెలిసింది. పైగా ఆ చట్రం జవాబును నాలుగో గదికి నెట్టివేసింది. అంటే ప్రశ్నకు జవాబు ఎంత ఆలస్యంగా చెప్పాలో నేనే ఆమెకు నేర్పినట్టయింది.

మూడో ప్రయత్నం గురించి రాయడం కష్టంగా ఉంది. ఎస్ఏ-1 (అర్ధసంవత్సర) పరీక్షలు దగ్గరపడ్డాయి. నేనే ఒక నమూనా వ్యాసం రాసి ఇచ్చాను. మంచి వ్యాసం ఎలా ఉంటుందో కళ్ళారా చూస్తే ఆమెకు పట్టుబడుతుందనుకున్నాను. పద్యాలు ఒక్కసారి వింటే అప్పజెప్పే పిల్ల ఆ వ్యాసాన్ని ఏం చేస్తుందో ఊహించకపోవడం నా పొరపాటు. ఒక్క రాత్రిలో అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేసింది. పరీక్షలో ప్రశ్న కొద్దిగా తిరగబడి వచ్చింది: శుక్రాచార్యుడి సలహాను మీరు సమర్థిస్తారా అని. ఆమె పత్రంలో నా వాక్యాలు నాకే ఎదురయ్యాయి. బలి నిర్ణయం ఎందుకు గొప్పదో వివరించే నా పేరాలన్నీ వరుసగా ఉన్నాయి, శుక్రాచార్యుడి ఊసు ఎక్కడా లేదు. ఆ పత్రం దిద్దిన రోజున, ఈ అమ్మాయికి ఇంకో నమూనా ఇవ్వకూడదని తీర్మానించుకున్నాను. నమూనా చూపించడమే తప్పని నేను అనను. పూర్తయిన వ్యాసం చూపిస్తే, దాన్ని రాసినవాడు ఏ వాక్యాన్ని ఎందుకు ముందు పెట్టాడో, దేన్ని కొట్టివేశాడో కనిపించదు. ఆమెకు కావలసినది ఆ కొట్టివేతలు.

మలుపు

జనవరిలో ఒక రోజు మధ్యాహ్న భోజనం అయ్యాక వరండాలో ఆ అమ్మాయి కనిపిస్తే, పుస్తకం, కాగితం ఏదీ లేకుండా ఊరికే అడిగాను. “గురువు వద్దన్నా బలి దానమిచ్చాడు కదమ్మా, మంచి పని చేశాడంటావా?”

ఆమె తడుముకోలేదు. “చేసిండు సార్. కానీ శుక్రాచార్యుడు చెప్పింది అబద్ధం గాదు. వచ్చింది విష్ణువే, పోయేది రాజ్యమే. తెల్వక ఇస్తే మోసపోయిండు అంటరు. తెలిసి ఇచ్చిండు కాబట్టే అది దానం.”

ఐదు వాక్యాలు. జవాబు మొదటి మాటలోనే వచ్చింది. ఎదుటి వాదం రెండో మాటలో, దానికి న్యాయం మూడో మాటలో, కారణం చివరి రెండింటిలో వచ్చాయి. ఇన్ని నెలలు కష్టపడి నేను నేర్పలేకపోయిన నిర్మాణం ఆమె నోట్లో అప్పటికే ఉంది. జేబులోని కాగితం తీసి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి చూపించాను. ఆమె కాసేపు చూసి, “ఇది రాయొచ్చా సార్?” అని అడిగింది.

అప్పటిదాకా నేను రోగం ఒకచోట ఉంటే మందు మరోచోట వేస్తున్నానని ఆ ప్రశ్నతో తెలిసింది. వ్యాసం ఎలా అమర్చాలో ఆమెకు తెలియక కాదు. పరీక్షలో ‘జవాబు’ అంటే పుస్తకంలోనో గైడులోనో ముందే ఉన్నదని, తన పని దాన్ని చెదరకుండా కాగితం మీదికి చేర్చడమేనని ఆమె నమ్మకం. తనకు ఏమనిపిస్తున్నదో అది పరీక్షకు సంబంధించిన విషయమే కాదనుకున్నది. పాఠం చివర ఈ ప్రశ్నలుండే భాగానికి వాచకమే ‘స్వీయరచన’ అని పేరు పెట్టింది. తరగతిలో ఆ పేరును ఎన్నిసార్లు చదివించానో లెక్కలేదు, దాని అర్థం మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. చెప్పదలచిన మాట ఒకటి లేనప్పుడు ఏ నిర్మాణమైనా దేన్ని మోయాలి? అందుకే ఆమె తనకు తెలిసిన ఒకే ఒక క్రమాన్ని, నాయనమ్మ చెప్పిన కథ క్రమాన్ని ఆశ్రయించింది.

పనిచేసిన పద్ధతి

ఆ రోజు నుండి పని తీరు మార్చాను. ప్రశ్న చదవగానే కలం పట్టుకోకుండా ముందు నాకు నోటితో జవాబు చెప్పాలి, అదీ ఒకే వాక్యంలో. ఆ వాక్యానికి మేము ‘జవాబు వాక్యం’ అని పేరు పెట్టుకున్నాం. బలి ప్రశ్నకు ఆమె జవాబు వాక్యం ఇలా కుదిరింది: “శుక్రాచార్యుడు చెప్పినది నిజమని తెలిసి కూడా మాట నిలుపుకున్నాడు కాబట్టి బలి నిర్ణయం సరైనది.” దీన్ని నమ్మని మనిషికి ఏయే సంగతులు చూపించాలి అన్నది తరువాతి ప్రశ్న. ఒక్కో సంగతిని ఒక్కో చీటీ మీద రాయించాను. చీటీలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాస్తే ఆ వరుసే ఖాయమని పిల్లలు అనుకుంటారు. చీటీలైతే జరపవచ్చు, తీసేయవచ్చు.

మొదటి చీటీ మీద శుక్రాచార్యుడి హెచ్చరిక నిజమని రాసింది. ఆధారంగా అతని మాటలే తెచ్చింది: “కులమున్ రాజ్యముఁ దేజమున్ నిలుపుమీ”. రెండో చీటీ, బలి ఆ నిజాన్ని కాదనలేదని. రాజులెందరో వచ్చారు, పోయారు, వాళ్ళెవరైనా సంపదను మూటగట్టుకుని పోగలిగారా అని అతను అడిగిన ‘కారే రాజులు’ పద్యం దానికి ఆధారం. ఇక్కడ ఆమె పాత అలవాటు తల ఎత్తింది, శిబి కథ చెప్పబోయింది. “శిబి ఇక్కడ ఎందుకొచ్చాడు?” అని అడిగాను. ఆలోచించి, సంపద పోయినా పేరు మిగిలిందని చూపడానికి అన్నది. అయితే ఆ పని ఒక్క వాక్యంలో అయిపోతుందని తానే తేల్చుకుంది.

ఆ వాక్యం రాస్తుండగానే ఆమెకు ఒక సందేహం వచ్చింది. ఈ కేసు మొత్తంలో నాకు అత్యంత సంతోషం కలిగించిన సందర్భం ఇదే. “సార్, శిబి వాళ్ళు కీర్తి కోరి ఇచ్చిన్రని బలే అంటున్నడు గద. విష్ణువు చెయ్యి కింద, నా చెయ్యి మీద ఉంటదని కూడా అంటడు. అంటే ఈయనకు కూడా పేరు కావాలె. మరి ఇది దానమెట్ల అయితది?”

తరగతిలో ఇలాంటి ప్రశ్న వస్తే, సిలబస్ ఒత్తిడిలో, “అంత లోతుకు వెళ్ళవద్దు, పరీక్షలో అడగరు” అని దాటవేయడం తేలిక. నేను కూడా ఎన్నోసార్లు దాటవేసినవాణ్ణే. ఈసారి దాన్ని మూడో చీటీ మీద రాయమన్నాను. తన వాదాన్ని బలహీనపరిచే మాటను తానే వ్యాసంలో పెట్టుకోవడమా అని ఆమె భయపడింది. దిద్దేవారికి ఆ సందేహం ఎలాగూ వస్తుంది, మనం ముందే ఎత్తుకుని సమాధానం చెబితే మన మాటకు బలం పెరుగుతుంది అన్నాను. ఆ సమాధానం నేను చెప్పలేదు. ‘నిరయంబైన’ పద్యం మళ్ళీ చదవమని మాత్రం అన్నాను. నరకమైనా రానీ, బంధనమైనా రానీ, రాజ్యం పోయినా, దుర్మరణమైనా, కులం అంతమైనా సరే, “తిరుగన్నేరదు నాదు జిహ్వ” అంటాడు బలి. ఆమె రెండుసార్లు చదివి ‘కులాంతమైన’ దగ్గర వేలు పెట్టింది. “వంశమే లేకుంటే పేరు చెప్పుకునేటోళ్ళు ఎవరుంటరు సార్? పేరు పోయినా సరే అన్నట్టే గద.” కాపాడుకోమని శుక్రాచార్యుడు మొదట చెప్పినది కులాన్నే. బలి వదులుకోవడానికి సిద్ధపడిన వాటిలో చివరిది ఆ కులమే. నాలుగో చీటీ అలా తయారైంది.

ఇక క్రమం. చీటీలను బల్ల మీద అటూ ఇటూ మార్చి చూశాం. కీర్తి కోరిక గురించిన చీటీ చివర ఉంటే, చదివినవాళ్ళ మనసులో సందేహమే మిగిలి జవాబు వాక్యం కూలిపోతుంది. మొదటే ఉంటే, బలి ఏం చేశాడో చూపించకముందే అతన్ని తప్పుపట్టినట్టుంటుంది. అన్నిటికన్నా బలమైన చీటీకి సరిగ్గా ముందు పెడితే, సందేహం లేవగానే సమాధానం దొరుకుతుంది. ఈ నిర్ణయం ఆమెదే. నేను చేసినదల్లా ప్రతి మార్పుకూ “ఇప్పుడు చదివినవాడు ఏమనుకుంటాడు?” అని అడగడం. ఆ ప్రశ్న అడుగుతూ పోతే పేరాల క్రమం చాలావరకు దానికదే తేలుతుందని ఇప్పుడు నమ్ముతున్నాను.

పేరా లోపలి అమరికకు కూడా ఒక అలవాటు చేసుకున్నాం. చీటీ మీది వాక్యమే పేరాకు మొదటి వాక్యం. దాని వెంట పద్యంలోని నాలుగైదు మాటలు మాత్రమే, పద్యం మొత్తం అక్కర్లేదు. ఆ తరువాత, ఉదహరించిన వాటిలో ఒక మాటను పట్టుకుని అది ఏం చెబుతున్నదో రెండు మూడు వాక్యాల్లో వివరించాలి. మూడోది పిల్లలకు అన్నిటికన్నా కష్టం. పద్యం రాశాక దాని తాత్పర్యం రాస్తే వివరణ అయిపోయిందనుకుంటారు. తాత్పర్యం పద్యం చెప్పినదాన్ని మళ్ళీ చెబుతుంది. మనకు కావలసినది, కవి ఈ మాటే ఎందుకు వాడాడన్నది. దీన్ని ఆమెకు పట్టించింది ఒక చిన్న మాట. దానం వద్దంటూ శుక్రాచార్యుడు “వలదీ దానముగీనమున్” అంటాడు. బదులుగా బలి, విష్ణువు చెయ్యి గురించి చెప్పే పద్యంలో, “రాజ్యముగీజ్యమున్ సతతమే” అంటాడు. పని గిని, పుస్తకం గిస్తకం అని మనం ఇంట్లో అనే తీరే అది. ఒక వస్తువును తేలిక చేసి మాట్లాడాలంటే దాని వెంట ‘గి’ తగిలిస్తాం. గురువుకు దానం గీనమైంది, శిష్యుడికి రాజ్యం గీజ్యమైంది. ఎవరికి ఏది విలువైనదో, ఏది తేలికో ఆ రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలు. ఆమె ఈ పోలిక గమనించి రాసిన పేరా మూడు వాక్యాలే, కానీ గుణవాచకాలు పేర్చిన పాత పేజీ కంటే అది ఎక్కువ చెప్పింది. వ్యాసంలో విశ్లేషణ అంటే ఏమిటని ఇప్పుడు ఏ పిల్లలు అడిగినా, నిర్వచనం చెప్పకుండా ఈ రెండు మాటలు బోర్డు మీద రాస్తున్నాను.

ప్రారంభం విషయంలో కొంత సర్దుబాటు చేసుకోవలసి వచ్చింది. కవి, కావ్యం పేరు లేకుండా జవాబు మొదలైతే పబ్లిక్ పరీక్షల పత్రాలు దిద్దేవారిలో కొందరికి వెలితిగా అనిపించవచ్చు. అందువల్ల కవి పరిచయం పూర్తిగా తీసేయమనలేదు. అయితే దానికి ఒక్క వాక్యమే కేటాయించాలి, ఆ వాక్యం కూడా జవాబుకు పనికి రావాలి. ఆమె రాసినది ఇది: “పోతన భాగవతంలోని ఈ ఘట్టంలో గురుశిష్యులిద్దరూ ధర్మం గురించే మాట్లాడతారు, కానీ ఇద్దరి ధర్మం ఒకటి కాదు.” బమ్మెర ఊసు లేదు. పోతన ఉన్నాడు, ప్రశ్న కూడా ఉంది. వెంటనే జవాబు వాక్యం.

ముగింపు ఆమెకు చివరిదాకా కష్టమైంది. ‘ఆదర్శప్రాయుడు’ అనే మాట ఆమె చేతిలోంచి దానంతట అదే వచ్చేది. ఆ మాటను నిషేధించి, కథలో ఇంకా వాడుకోని ఒక సంగతితో ముగించమన్నాను. మాట వినలేదన్న కోపంతో శుక్రాచార్యుడు పదభ్రష్టుడివి కమ్మని బలిని శపిస్తాడు. ఆ శాపం పడ్డాక కూడా బలి ధారపోయడానికి ముందుకు వచ్చాడని ఆమె రాసి వ్యాసం ఆపింది. 10కి 8 వేశాను. మిగిలిన రెండు మార్కులు వాక్యాల పొందికలోని లోపాలకు పోయాయి, వాటి గురించి ఇక్కడ రాయను.

మధ్యలో వచ్చిన ఒడిదుడుకు

ఇంతటితో అంతా సర్దుకోలేదు. ‘ఇది రాయొచ్చా’ అని అడిగిన పిల్లకు రాయవచ్చని తెలిశాక, ప్రీ ఫైనల్‌లో తన అభిప్రాయమే తప్ప పాఠంలోని మాట ఒక్కటీ లేని జవాబు రాసింది. ‘నాకు అనిపిస్తుంది’ అని ఐదుసార్లు ఉంది. కోప్పడితే మళ్ళీ గైడు వైపు వెళ్ళిపోతుందని భయపడి కోప్పడలేదు. పత్రం పక్కన కూర్చుని, ప్రతి ‘అనిపిస్తుంది’ దగ్గర ఒకే ప్రశ్న అడిగాను: “ఏ మాట చూసి?” చెప్పగలిగిన చోట ఆ మాటను రాయించాను, చెప్పలేని చోట వాక్యం కొట్టివేయించాను. అభిప్రాయాన్నీ ఆధారాన్నీ ఒకేసారి నేర్పి ఉంటే ఈ ఇబ్బంది రాదని కొందరు అనవచ్చు. నా అనుభవంలో, సొంత మాటకు ధైర్యం రాకముందే ఆధారం అడిగితే ఇలాంటి పిల్లలు మళ్ళీ మౌనంలోకి వెళ్ళిపోతారు. ఒక పరీక్ష పాడైనా సరే, ముందు ధైర్యాన్ని రానివ్వడమే మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను.

సమయం గురించి కూడా ఆమెకు బెంగ ఉండేది. ఒక వ్యాసానికి 20 నిమిషాలు అనుకుంటే, అందులో 4 నిమిషాలు రాయకుండా కూర్చోవడం ఆమెకు నేరంలా అనిపించేది. పక్కవాళ్ళు అడిషనల్ షీట్లు అడుగుతుంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. చీటీల బదులు జవాబు పత్రం చివరి పేజీలో పెన్సిలుతో నాలుగు పొట్టి వాక్యాలు రాసుకోవడం అలవాటు చేశాను. రాయడం పూర్తయ్యాక ఒకే తనిఖీ: ప్రతి పేరాలోని మొదటి వాక్యాన్ని మాత్రమే వరుసగా చదవాలి. అవి కలిసి ప్రశ్నకు జవాబైతే వ్యాసం నిలబడినట్టే. కథలా వినిపిస్తే ఎక్కడో పట్టు తప్పినట్టు.

పద్ధతి నిజంగా ఒంటబట్టిందా అన్నది తెలియాలంటే మేము కలిసి చర్చించని పాఠం మీద చూడాలి. శ్రీనాథుడి కాశీఖండంలోని ‘భిక్ష’ పాఠం ఎంచుకుని, కాశీని శపించబోయిన వ్యాసుడి కోపం సమంజసమేనా అని అడిగి, ఏ సాయమూ చేయకుండా రాయమన్నాను. ఆ కథ కూడా ఆమెకు నాయనమ్మ చెప్పినదే. చివరి పేజీలో పెన్సిలుతో ఆమె రాసుకున్నవి ఇవి: ఆకలి నిజం. శిష్యుల ఆకలి కూడా ఉంది కాబట్టి కోపం అర్థమవుతుంది. కానీ భిక్ష పెట్టనివాళ్ళు కొందరు, శాపం మొత్తం కాశీకి. అమ్మవారు తిట్టింది ఆకలిని కాదు, తొందరను. పార్వతీదేవి మామూలు ఇల్లాలి రూపంలో వచ్చి, దొరికిన ఆకులూ దుంపలూ తిని బతికే తాపసులు నీకంటే తెలివితక్కువవాళ్ళా అని వ్యాసుణ్ణి అడిగే మాటలు నాలుగో పేరాకు ఆధారమయ్యాయి. కథ ఎక్కడా వరుసగా చెప్పలేదు, అయినా కథ తెలియని వ్యక్తికి కూడా అది అర్థమవుతుంది. కథ బాగా తెలిసిన పిల్ల కాబట్టే దాన్ని ముక్కలు చేసి, అవసరమైన ముక్కను అవసరమైన చోట వాడగలిగింది. మొదట్లో ఆమెకు అడ్డు పడిన నాయనమ్మ కథలు అలా అక్కరకు వచ్చాయి.

నా బోధనలో మారినవి

తరువాతి సంవత్సరం నుండి ఐదు గదుల చట్రాన్ని మొదటి టర్మ్‌లో ఇవ్వడం మానేశాను. కొత్త పాఠం అయిపోగానే ఒక చర్చా ప్రశ్న వేసి, అందరూ కలాలు కింద పెట్టాక, నోటితో ఒక్క వాక్యంలో జవాబు చెప్పిస్తున్నాను. చెప్పినదాన్ని వాళ్ళ భాషలోనే, వాళ్ళ యాసలోనే బోర్డు మీద రాసి, తరువాత రాతభాషలోకి అందరం కలిసి మారుస్తున్నాం. యాసలో చెప్పిన మాటను మొదటే సరిదిద్దితే ఆలోచన కూడా అక్కడే ఆగిపోతుందని ఈ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నాను. మార్కులు వేసేటప్పుడు కూడా పత్రం మీద ‘బాగుంది’, ‘ఇంకా రాయాలి’ అని రాయడం తగ్గించి, జవాబు వాక్యం ఉన్నచోట గీత గీస్తున్నాను. రెండో పేజీలో గీత పడితే ఎందుకో పిల్లలకే అర్థమవుతుంది.

ఒక చిక్కు మాత్రం తీరలేదు. ఈ పద్ధతి మొత్తం, నోరు తెరిచి మాట్లాడే పిల్లల మీద ఆధారపడి ఉంది. ఈ అమ్మాయికి కథలు చెప్పే నాయనమ్మ ఉంది, మాట పెళుసుగా, సూటిగా వచ్చేది. ఎంత బతిమాలినా పెదవి విప్పని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్ళతో ఈ మధ్య ఇంకో దారి చూస్తున్నాను. జవాబు నాకు చెప్పనక్కర్లేదు, పక్కనున్న స్నేహితుడికి చెవిలో చెబితే చాలు, ఆ స్నేహితుడు దాన్ని చీటీ మీద రాస్తాడు. ఇప్పటికి ముగ్గురితో ప్రయత్నించాను. ఇద్దరి చీటీలు వచ్చాయి. మూడో అబ్బాయి స్నేహితుడు ఖాళీ చీటీ తెచ్చి ఇచ్చి, “వీడు చెప్పిండు సార్, కానీ సార్‌కు చెప్పొద్దన్నడు” అన్నాడు. ఆ చీటీ దాచి ఉంచాను.